ఐసులో పెట్టిన కెమెరా

నా కొడుకు కూతురు డిగ్రీ అయ్యాక నల్లగొండలో ఒక ఫొటో స్టూడియోలో రెండేళ్లు పని నేర్చుకుంది. ఆ తర్వాత పెళ్లిళ్లు సొంతంగా తీస్తానని ఒక కెమెరా తెచ్చుకుంది. మిర్రర్‌లెస్ అంటారట దాన్ని. పాత కెమెరాల్లో లోపల ఒక అద్దం ఉండేదని, దీంట్లో అది తీసేశారని, అందుకే ఇంత చిన్నగా, తేలికగా ఉందని చెప్పింది. ఉన్నదాన్ని తీసేసి, తీసేసినందుకు ఎక్కువ ధర పెట్టడం ఏం బేరమో నాకు అంతుపట్టలేదు. నేను చదివింది మూడో తరగతి. అడిగితే తెలివితక్కువదాన్ని అనుకుంటుందని ఊరుకున్నాను.

దానికి తీయడానికి మొదటి పెళ్లి నేనే ఇప్పించాను. హాలియాలో ఉండే మా తమ్ముడి కూతురు తన బిడ్డకు ఎండాకాలంలో ముహూర్తం పెట్టుకుంది. వాళ్లు ఎవరో వీడియో ఆయన్ని మాట్లాడుకోబోతుంటే నేను అడ్డం పడ్డాను. పెళ్లికూతురి తండ్రి నసిగాడు.

"ఆడిపిల్ల ఒక్కతే ఎట్ల తీస్తది అత్తమ్మా? పుస్తె కట్టేది ఒక్కసారే గద. తప్పిపోతే మల్ల కట్టమంటమా?"

"తప్పిపోతే నన్ను అడుగు," అన్నాను.

నేను మాటంటే వెనక్కు తీసుకునేదాన్ని కాదని మావాళ్లందరికీ తెలుసు. అలా ఆ పెళ్లి దాని చేతికి వచ్చింది. అది సరిగ్గా తీస్తే చుట్టాల్లో ఇంకో నాలుగు పెళ్లిళ్లు వస్తాయి. తప్పిందంటే ఈ జిల్లాలో దాన్ని మళ్లీ ఎవరూ పిలవరు. నా మొహం కూడా ఎవరికీ చూపించుకోలేను.

పెళ్లికి పది రోజుల ముందు అది పానగల్ గుడి దగ్గరికి పోయి, చేయి కుదురుకోవడానికని వీడియో తీసి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"ఏమైంది బిడ్డా?"

"ఇర్వై నిమిషాలకే బంద్ అయింది అవ్వా. గరం అయితాంది."

నేను పసిపిల్లల జ్వరం చూసినట్టు కెమెరా మీద చేతి వెనకభాగం పెట్టి చూశాను. వెచ్చగా ఉంది, అంతే. అప్పుడే పెనం మీంచి దించిన రొట్టె కూడా దానికన్నా ఎక్కువ కాలుతుంది.

"గింత దానికే బంద్ అయితదా? మీ తాత రేడియో ఎండల, బాయి కాడ పొద్దుందాక మొత్తుకునేది. ఒక్కనాడు గూడ అలిసిపోలే."

"గది వేరే, గిది వేరే. గిది లోపల కాలుతది. పైన ముట్టుకుంటే తెల్వది."

తర్వాత అది ఏవేవో చెప్పింది. చిత్రం మరీ సన్నగా, స్పష్టంగా తీస్తే వేడెక్కుతుందట. కాస్త మోటుగా తీస్తే అంత ఎక్కదట. వెనక ఉన్న చిన్న తెరను ఒంటికి అంటుకోకుండా బయటికి తెరిచి పెడితే గాలి తగులుతుందట. తీయనప్పుడు ఆర్పేయాలట. ఈ ఆఖరి మాట ఒక్కటి నాకు అర్థమైంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఆర్పేదాకా నాకు నిద్ర పట్టదు. కానీ కొవ్వొత్తీ కాదు, పొయ్యీ కాదు, ఊరికే చూస్తూ కూర్చునే వస్తువు ఎందుకు కాలుతుందన్నది మాత్రం ఎంత ఆలోచించినా తెగలేదు. చూడటానికి కూడా అంత కష్టపడాలా?

పెళ్లినాడు పొద్దున్నే ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకు టికెట్ లేని బస్సులో ఇద్దరం హాలియా చేరాం. ఇంటి ముందర బట్ట టెంటు వేశారు. తొమ్మిదిన్నరకు మగపెళ్లివాళ్లు వచ్చారు. ఎదుర్కోళ్లు రోడ్డు మీద, నడి ఎండలో. బ్యాండు వాళ్లు ఆగరు, పానకం బిందెలు కదలవు, మనవరాలు కెమెరా దించదు. కెమెరాకు నీడ ఉండాలని నేను గొడుగు పట్టుకుని దాని వెనకే తిరిగాను.

మగపెళ్లివారి తరఫు ముసలాయన ఒకరు నన్ను చూసి నవ్వారు. "ఏం వదినా, పెండ్లికొడుకు ఎండల మాడుతుంటే గొడుగు కెమెరాకు పట్టినవ్?"

"పెండ్లికొడుకు మాడితే నల్లవడతడు అన్నా, గిది మాడితే సస్తది," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఆగేలోగానే కెమెరా ఆగిపోయింది. తెర మీద చిన్న గుర్తు ఒకటి వచ్చి, నల్లబడింది. మనవరాలి ముఖం కూడా అలాగే అయింది.

ముహూర్తం పదకొండు ముప్పావుకు. ఇంకా గంటన్నర ఉంది. అది కెమెరాను వంటల పక్క గదిలోకి తెచ్చి, బ్యాటరీ తీసి, మూత తెరిచి బల్ల మీద పెట్టింది.

"అవ్వా, నేను పెండ్లిపిల్లను తయారు చేసేకాడ ఫోన్‌తోని ఫొటోలు తీసి వస్త. గిదాన్ని ముట్టకు. గట్లనే ఉంటే దానంతట అదే సల్లవడతది."

"అసలుది గూడ ఫోన్‌తోనే తియ్యరాదే?"

"ఫోన్‌తోని ఊరంత తీస్తది. మల్ల నన్నెందుకు పిలిచిండ్రు?"

అది వెళ్లిపోయింది. నేను కాపలా కూర్చున్నాను. పావుగంటకోసారి చేయి పెట్టి చూస్తే వెచ్చదనం తగ్గినట్టే లేదు. గది కూడా పక్కన ఉడుకుతున్న అన్నం ఆవిరితో వేడిగా ఉంది. ఈ గదిలో పెట్టిన మనిషే చల్లబడడు, కెమెరా ఎలా చల్లబడుతుంది?

మా ఇంట్లో ఫ్రిజ్ లేని రోజుల్లో పాలు విరగకుండా గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టేదాన్ని. గిన్నెలోకి చుక్క నీరు పోదు, పాలు సాయంత్రం దాకా ఆగుతాయి. నలభై ఏళ్లు అలా చేశాను. ఆ గదిలోనే ఒక మూల కూల్‌డ్రింకుల కోసం పెద్ద థర్మాకోల్ పెట్టె నిండా ఐసు గడ్డలు ఉన్నాయి. నా సంచిలో స్టీలు డబ్బా ఉంది. పెళ్లికి పోతే స్టీలు డబ్బా పట్టుకుపోవడం నా అలవాటు. మిగిలిన లడ్డూలు పారబోస్తుంటే నేను చూస్తూ ఊరుకోలేను. కెమెరాను పొడి తువ్వాలులో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత బిగించి, డబ్బాను మెడ దాకా ఐసులో దింపాను. నీళ్లు తగలకుండా ఎంత జాగ్రత్త పడ్డానో. మనవరాలు వచ్చి చూసి సంతోషిస్తుందనుకున్నాను.

అది వచ్చేసరికి పెళ్లికూతుర్ని గంపలో తీసుకురమ్మని అయ్యగారు మైకులో పిలుస్తున్నారు. నేను గొప్పగా డబ్బా మూత తీసి కెమెరా చేతికిచ్చాను. అది చేతిలో పడగానే పిల్ల ఉలిక్కిపడింది.

"ఏం చేసినవ్ అవ్వా?"

"ఐసుల పెట్టిన. సుక్క నీళ్లు తగలనియ్యలే. సూడు, ఎంత సల్లగున్నదో."

మేమిద్దరం చూస్తుండగానే ముందరి గాజు తెల్లబడింది. అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు. అది గుడ్డతో తుడిచింది. పోయింది, మళ్లీ వచ్చింది. మళ్లీ తుడిచింది, మళ్లీ వచ్చింది. తర్వాత తుడవడం మానేసింది. లోపల కూడా పట్టిందట. నీళ్లు నేను తగలనివ్వలేదు కదా, మరి ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? గాలిలో నుంచి వచ్చాయట. గాలిలో నీళ్లుంటే ఈ ఎండలో మేమెందుకు ఇంత ఎండిపోతున్నాం?

"ఇప్పుడేం చెయ్యాలె?" అన్నాను.

"వెచ్చగ చెయ్యాలె."

పొద్దుటి నుంచి ఇద్దరం వెళ్లగొట్టిన వేడిని ఇప్పుడు మళ్లీ పిలవాలట. అది ఏడుపు మింగుకుంటూ పెరట్లోకి పరుగెత్తి, తువ్వాలు చుట్టిన కెమెరాను ఎండలో కాగుతున్న అరుగు మీద పెట్టి పక్కన కూర్చుంది. ఎంతసేపు పడుతుందంటే పది నిమిషాలు, పదిహేను, తెలియదంది.

నేను నేరుగా పందిట్లోకి పోయాను. అప్పటికే వధూవరుల మధ్య అడ్డుతెర పట్టుకున్నారు. అంతమంది ముందు మండపం ఎక్కి అయ్యగారి పక్కన నిలబడ్డాను.

"అయ్యగారూ, జర ఆగుండ్రి."

"ముహూర్తం ఆగుతదా అమ్మా?"

"కెమెరాను నేను ఐసుల పెట్టి ఖరాబు చేసిన. పిల్లది ఏం తప్పు లేదు. పది నిమిషాలు కావాలె."

మైకు ఆయన మెడలోనే ఉంది. నా మాట టెంటంతా, టెంటు బయట బ్యాండు వాళ్ల దాకా వినిపించింది. పెళ్లికూతురి తండ్రి నన్ను చూసిన చూపు చెప్పను. నా డెబ్బై ఏళ్లలో తప్పు నాదని నలుగురిలో అన్నది ఆ ఒక్కసారే.

అయ్యగారు మైకును చేత్తో మూసి గడియారం చూసుకున్నారు. "జీలకర్ర బెల్లం వేళకు పెట్టిస్త. అది దాటనియ్య. ఇంక పన్నెండు నిమిషాలున్నయి. ప్రవర మాత్రం జర నిదానంగ చదువుత. నాకు చేతనైంది గంతే."

ప్రవరంటే రెండు వైపులా గోత్రాలు, మూడు తరాల పెద్దల పేర్లు చెప్పడం. ఎన్నో పెళ్లిళ్లలో విన్నాను, ఎవరి పేరు ఏదో ఎప్పుడూ తెలియలేదు. ఆ రోజు ఆయన ఒక్కో పేరు దగ్గర ఆగి, పూర్తిగా పలికి చదివారు. మూడుసార్లు. మా నాయన పేరు కూడా అందులో ఎక్కడో ఉంటుందేమోనని నేను చెవి పెట్టాను. పెళ్లికూతురి తల్లి వైపు పెద్దల పేరు అందులో రాదని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో పెద్దమనిషి తన తాత పేరు విని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మూడోసారి పూర్తవుతుండగా మనవరాలు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తువ్వాలు నా మీదికి విసిరి కెమెరా ఎత్తింది. జీలకర్ర బెల్లం పెట్టారు, అడ్డుతెర దించారు, మేళం మోగింది. దాని వెన్ను తప్ప నాకేమీ కనిపించలేదు. ఆ తర్వాత పుస్తె కట్టారు. అది కెమెరా దించలేదు. తలంబ్రాల మధ్యలో దించింది. మళ్లీ వేడెక్కి ఆగిపోయిందట. అప్పటికి కావలసింది దొరికిందని చేయి ఊపింది.

నెల తర్వాత మా తమ్ముడి కూతురు, ఆమె భర్త మా ఇంటికి వచ్చి టీవీలో ఆ వీడియో చూశారు. జీలకర్ర బెల్లం దగ్గర బొమ్మ చుట్టూ తెల్లగా, పలచగా ఏదో కమ్ముకుని ఉంది. మధ్యలో ఇద్దరి ముఖాలు మాత్రం తేటగా ఉన్నాయి.

"అబ్బ, హోమం పొగల ఎంత మంచిగ వచ్చింది సూడుండ్రి," అంది తమ్ముడి కూతురు.

మనవరాలు నా కాలు తొక్కింది. అయినా నేను ఆగలేదు.

"పొగ గాదు. నా ఐసు."

మొదలు నవ్వింది ఆమె భర్తే.

"మాఘంల మా చిన్నోని పెండ్లి గూడ నువ్వే తియ్యాలె బిడ్డా," అన్నాడు మనవరాలితో. "అత్తమ్మను మాత్రం నా పక్కన కూసోవెట్టుకుంట. చెయ్యి విడిచిపెట్ట."

వాళ్లు పోయాక అది గంతులేసింది. నేను తలుపు గడియ వేస్తూ, "మాఘం అంటే చలికాలమే గద. గప్పుడైతే గరం కాదు," అన్నాను, దానికి ధైర్యంగా ఉంటుందని.

"చలికాలంల తెల్లారుగట్ల లగ్గమైతే బ్యాటరీ జల్ది దిగిపోతది అవ్వా," అంది.

వేడి పనికిరాదు, చలీ పనికిరాదు. మరి దానికి ఏం కావాలో అడుగుదామనుకుని, అడగకుండా వంటింట్లోకి పోయి బియ్యం కడిగాను.