పాత మైనం కింది తెలుపు

కళ్ళజోళ్ళ షాపాయనకు తన తెల్ల కారంటే ప్రాణం. తరచూ మైనం పూసి తళతళలాడించేవాడు. వానొస్తే బురదవుతుందని, ఎండ కాస్తే రంగు వెలిసిపోతుందని బయటికి మాత్రం తీసేవాడు కాదు. పక్క ఊళ్ళో మంచం పట్టిన అక్కను చూడటానికి ఆయన భార్య బస్సులో నిలబడే వెళ్ళొచ్చేది. కారులో దింపమని అడిగితే "వచ్చేవారం చూద్దాంలే" అనేవాడు.

ఏళ్ళు గడిచాక కారు పచ్చబడి మసకబారింది. రంగు పాడైందేమోనని బెంగపడి మెకానిక్‌కు చూపించాడు.

"రంగుకేం కాలేదు సార్. మీరు పొర మీద పొర పూసిన మైనమే ఇదంతా. తీసేయండి," అన్నాడు మెకానిక్.

ఆదివారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. జిడ్డు వదిలించే సబ్బుతో కడిగి, స్పిరిట్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో ఒక్కో తలుపూ తుడిచాడు. నీళ్ళు పోస్తే ఇదివరకటిలా బొట్లుబొట్లుగా నిలవకుండా పలచగా పరుచుకున్నాయి. పాత మైనం పోయినట్టే. కింద కొన్ననాటి తెలుపు అలాగే ఉంది.

సంబరంగా భార్యను పిలిచాడు. "చూడవే, కొత్త కారే! ఎక్కు, ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తా."

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారు చుట్టూ తిరిగి చూసింది.

"బాగుందండీ. నేను వెళ్దామన్నది ఒక్క ఇంటికే కదా. అక్క పోయాక అక్కడెవరున్నారు?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాడే. మళ్ళీ పూద్దామని తెచ్చుకున్న కొత్త మైనం డబ్బా మూత కూడా తీయకుండా, తడిగుడ్డ పట్టుకుని ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు.