మబ్బులో ఎక్కి ఎండలో దిగిన కల్సుబాయి

గురువారం ఉదయం పదకొండు నలభైకి వరంగల్ స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలెక్కాను. సంచిలో పద్నాలుగు వస్తువులున్నాయి. వాటిలో ముఖ్యమైనవి వాన కోటు, టార్చి, రెండు లీటర్ల నీళ్ళు, అటుకుల డబ్బా, పుస్తకం. పుస్తకం అంటే చదివేది కాదు, గీతలు గీసిన నోటుపుస్తకం. రాష్ట్రం, శిఖరం, ఎత్తు, బయల్దేరిన సమయం, పైకి చేరిన సమయం, దిగడం మొదలైన సమయం, కిందికి చేరిన సమయం అని అందులో ఏడు గళ్ళుంటాయి. దేశంలో ప్రతి రాష్ట్రానికీ ఉండే అన్నిటికన్నా ఎత్తైన చోటు మీద కాలు పెట్టాలని నేనూ దానియేలూ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లో అనుకున్నాం. ఇప్పటికి ఆరు నిండాయి. షరతు ఒక్కటే. ఇద్దరి కాళ్ళూ పడితేనే లెక్క.

దానియేలు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కాడు. ప్లాట్‌ఫారం మీద వాళ్ళమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తోంది. రైలు కూత వేసినా ఆపలేదు. ఆఖరి నిమిషంలో ఆమేన్ అని, కిటికీలోంచి నా వైపు చూసి, "శ్రీనూ, పైలం బిడ్డా. వాడు ఎక్కనంటే ఎక్కియ్యకు, ఎక్కుతనంటే ఆపకు" అంది.

ఆ మాట వెనక సంగతి చెప్పాలి. నేను రోడ్ల సర్వే చేస్తాను. దానియేలు ఫోన్ టవర్లెక్కి మరమ్మతులు చేస్తాడు. వాళ్ళ గ్యాంగులో ఒక అలవాటుంది. పైకెక్కేవాడు టవర్ మీద ఉండే ప్రతి ఇనుప అరుగు దగ్గరా ఆగి అంకె అరుస్తాడు. కింద నిలబడ్డవాడు అదే అంకె తిరిగి అరుస్తాడు. అంటే, నిన్ను చూస్తున్నాను అని. ఎనిమిది నెలల కిందట దానియేలు పైనుంచి "నాలుగు" అని మూడు సార్లు అరిచాడు. కింద మనిషి ఫోన్లో ఉన్నాడు. జవాబు రాలేదని దానియేలు వంగి చూశాడు, కాలు జారింది. నడుముకున్న హుక్కు పట్టింది గనక నేల మీద పడలేదు. గాలిలో వేలాడుతూ ఉండిపోయాడు. భుజం రెండు నెలల్లో నయమైంది. టవర్ మాత్రం మళ్ళీ ఎక్కలేదు. వచ్చే సోమవారం పాలకుర్తి దారిలో ఒక టవర్ పని ఉంది. ఎక్కితే గ్యాంగులో ఉంటాడు, లేకపోతే గోడౌన్‌లో సామాన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. కాంట్రాక్టరు ఇచ్చిన గడువు అది.

ఏడో శిఖరంగా కల్సుబాయిని దానియేలే ఎంచుకున్నాడు. మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తైనది, 1646 మీటర్లు. మిగతావాటి మీదికి చాలావరకు రోడ్డుంది. దీని మీదికి ఇనుప నిచ్చెనలున్నాయి.

సాయంత్రం ఆరు ఇరవైకి సికింద్రాబాద్‌లో మన్మాడ్ వైపు రైలెక్కాం. నాది కింది బెర్తు, అతనిది పై బెర్తు. అతను తన సంచి నా బెర్తు మీద పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా బాసరలో దిగాల్సిన పెద్దాయన ఒకరు ఇదంతా చూసి దానియేలుని అడిగారు.

"ఏం పటేలా, తాటిచెట్టంత ఉన్నవ్, నువ్వు కింద పండుకుంటవా? గీ బక్క పిలగాణ్ణి పైకి తోలుతవా?"

"కాలు నొస్తాంది పెద్దనాయనా."

"నొయ్యనీ, నొయ్యనీ. నా పెండ్లాం సుత పని చెప్పినప్పుడే నొస్తదంటది."

అందరూ నవ్వారు. దానియేలూ నవ్వాడు. నేను పైకెక్కాను. మూడు మెట్లు.

శుక్రవారం ఏడింటికి మన్మాడ్. అక్కడ పోహా తిని, ఇంకో రైల్లో నాసిక్ రోడ్, ఎర్ర బస్సులో ఘోటీ, అక్కడ బస్సు మారి మధ్యాహ్నం ఒంటిగంటకు బారీ చేరాం. కొండ కింద ఊరు ఇదే. వెళ్ళేవాళ్ళు గమనించాలి, ఘోటీ నుంచి బస్సులు తక్కువ, షేరింగు జీపులు నిండితేనే కదులుతాయి. సఖూబాయి అనే ఆవిడ ఇంట్లో దిగాం. రాత్రి పడక, రెండు పూటలా జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా, ఇద్దరికీ కలిపి ఎనిమిది వందలు. ఆవిడ యాభై దాటిన మనిషి. రోజూ తెల్లవారుజామున నిమ్మకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని శిఖరం దాకా వెళ్ళి షర్బత్ అమ్మి, మధ్యాహ్నానికి దిగుతుందట.

దానియేలు మన వరంగల్ హిందీలో అడిగాడు, నిచ్చెనలు ఎట్లా ఉంటాయని. ఆవిడ మరాఠీ కలిపిన హిందీలో చెప్పింది. "నిచ్చెన నిచ్చెనలాగే ఉంటుంది, బాబా. పొద్దున మబ్బుంటుంది. పక్కన ఏముందో కనపడదు. కొత్తవాళ్ళకు అదే మంచిది."

శనివారం అయిదు నలభై అయిదుకు బయల్దేరాం. ముందు సఖూబాయి, తర్వాత దానియేలు, వెనక నేను. వరిమళ్ళ గట్ల మీదుగా కొండ అంచుకు చేరేసరికి ఆరు పది. అక్కడి నుంచి మబ్బు. సెప్టెంబరు కాబట్టి వాలు నిండా పసుపు పూలున్నాయట. సోన్కీ అంటారని ఆవిడ చెప్పింది. మాకు కాలి చుట్టూ ఉన్న పదీ పదిహేను పూలే కనిపించేవి. అడుగు వేస్తే ముందు కొన్ని పుట్టేవి, వెనక కొన్ని మాసిపోయేవి. కొండ మొత్తం మాతోపాటు నడుస్తున్నట్టుండేది. ఎక్కడో పశువుల గంట మోగేది, అది పైనుంచో కిందనుంచో తేలేది కాదు. నేను ప్రతి అరగంటకూ ఎత్తు రాసుకున్నాను. అంకెలు పెరుగుతున్నాయని తెలుస్తోంది గానీ ఒళ్ళు మాత్రం ఒకే చోట ఊయలలో ఉన్నట్టుంది.

మొదటి నిచ్చెన ఏడు ఇరవైకి వచ్చింది. తడిసిన ఇనుము, రెండు వైపులా కమ్మీలు, పైకొస మబ్బులో కలిసిపోయింది. సఖూబాయి బుట్ట మీద ఒక చెయ్యి, కమ్మీ మీద ఒక చెయ్యి వేసి ఎక్కి మాయమైంది. దానియేలు చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. అక్కడ హుక్కు లేదు. వట్టి చెయ్యి కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చి కమ్మీని పట్టుకుంది.

"గీ అమ్మకు హుక్కు లేదు, హెల్మెట్ లేదు," అన్నాడు. "మా సేఫ్టీ సారు చూస్తే గుండె ఆగుతది."

"ఎక్కుతవా?"

"కింద ఏం కనపడుతలేదు కద. గోడ మీద బొమ్మ నిచ్చెన ఎక్కినట్టే."

ఎక్కాడు. రెండోదీ, మూడోదీ ఎక్కాడు. ఎక్కుతూ నాతో బిర్యానీ గురించి మాట్లాడాడు. చివరిది అన్నిటికన్నా నిలువుగా, పొడుగ్గా ఉంది. నలభై రెండు మెట్లు. అక్కడ మాటలు ఆగాయి గానీ కాళ్ళు ఆగలేదు.

తొమ్మిది అయిదుకు శిఖరం మీద ఉన్నాం. ఎర్ర రంగు వేసిన చిన్న గుడి, గంట, చుట్టూ తెల్లదనం. ఇద్దరం బూట్లు విప్పి, ఒకటి రెండు మూడు అనుకుని గుడి ముందు రాతి మీద కుడి కాళ్ళు కలిసి పెట్టాం. నా ఫోన్ 1639 చూపించింది, ఏడు మీటర్ల తేడా. సఖూబాయి షర్బత్ కలిపి ఇచ్చింది. ఉప్పు ఎక్కువ, చక్కెర తక్కువ, అంత మంచి షర్బత్ నేను తాగలేదు.

గ్లాసులు కింద పెట్టకముందే గాలి తిరిగింది. మబ్బు ఒక మూల చిరిగింది. ఆ చిరుగులోంచి ముందు ఒక చెరువు కనిపించింది, తర్వాత పొలాలు, తర్వాత మేం పడుకున్న ఊరు, అగ్గిపెట్టెలంత ఇళ్ళు. అయిదు నిమిషాల్లో ఆకాశం కడిగినట్టయింది. కొండలు వరసగా నీలంగా, ఒకదాని వెనక ఇంకొకటి నిద్రపోతున్నట్టున్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పక్కకు తిరిగేసరికి దానియేలు గుడి గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు.

"శ్రీనూ, నేను దిగలేను రా."

సఖూబాయి అతన్ని చూసింది. ఇంకో నిమ్మకాయ కోసింది. ఒక గంట గడిచింది. మళ్ళీ మబ్బొస్తుందా అని అడిగాను. "రేపు పొద్దున" అంది.

అప్పుడు దానియేలే అన్నాడు. "నువ్వు ముందు దిగు. కింద నిలబడు. నేను అంకె చెప్తా, నువ్వు తిప్పి చెప్పు. జవాబు రాకపోతే నేను కదల."

పది ఇరవై అయిదుకు చివరి నిచ్చెన కింద నిలబడి తలెత్తాను. నీలం ఆకాశంలో అతని బూటు అడుగులు, నిచ్చెనకు అతుక్కున్న ముఖం.

"ఒకటి."

"ఒకటి."

"రెండు."

"రెండు."

పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, కొండ అంచు నుంచి ఇంకొకటి. ప్రతి అంకె మూడు సార్లు వినపడేది. దిగడానికి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు పైన ఓపిగ్గా నిలబడ్డారు. పదహారు దాకా బాగానే జరిగింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది, దిగడం మొదలైన సమయం రాయలేదని. జేబులోంచి పుస్తకం తీసి, పది ఇరవై అయిదు అని రాశాను. ఒక్క గడే, నాలుగు అంకెలే.

తలెత్తేసరికి అంతా నిశ్శబ్దం. దానియేలు ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు గాలిలో. కమ్మీ మీద వేళ్ళు తెల్లబడ్డాయి. మెడ నెమ్మదిగా పక్కకు తిరుగుతోంది, వంగి చూడబోతున్నాడు. అతను పదిహేడు అని ఎన్ని సార్లు అన్నాడో నాకు తెలియదు.

"పదిహేడు," అని అరిచాను. "పదిహేడు, దానీ. చూస్తాన. నిన్నే చూస్తాన."

మెడ ఆగింది. చాలాసేపటికి గొంతు వచ్చింది. "ఏం చేస్తానవ్ రా?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "టైం రాసిన."

పైన కుర్రాళ్ళు వంగి చూశారు.

"ఆ పుస్తకం సంచిల పెట్టు. జిప్పు ఎయ్యి. నాకు వినపడాలె."

వేశాను. జిప్పు చప్పుడు అతనికి అంత దూరం వినపడిందో లేదో గానీ, గాలిలో కాలు మెట్టు మీద ఆనింది. "పద్దెనిమిది" అన్నాడు.

అక్కడి నుంచి నేను రెప్ప వేయడం కూడా అంకెల మధ్యే వేశాను. నలభై రెండు అన్నప్పుడు అతని బూటు నా కాలి పక్కన నేలను తాకింది. నా నెత్తి మీద గట్టిగా ఒకటి కొట్టి ముందుకు నడిచాడు. మిగతా మూడు నిచ్చెనలూ అలాగే దిగాం. తర్వాత వాలంతా పసుపు పూలే. పొద్దున మబ్బు దాచినవన్నీ ఒక్కసారిగా కనిపించాయి. కిందికి ఎన్నింటికి చేరామో ఈ కథనం చదివేవాళ్ళకు చెప్పలేను. నా దగ్గర లెక్క లేదు. ఏడో శిఖరం ఎదురుగా ఏడో గడి ఖాళీగా ఉంది, అలాగే ఉంచుతాను.

వచ్చిన దారినే ఘోటీ, నాసిక్, మన్మాడ్. రాత్రి ఎనిమిది యాభైకి సికింద్రాబాద్ రైలు. టికెట్లు వెళ్ళేటప్పటిలాగే నాది కింద, అతనిది పైన. నేను అలవాటుగా బూట్లు విప్పి పైకెక్కబోయాను. దానియేలు నా భుజం పట్టి పక్కకు జరిపాడు. చిన్న ఇనుప నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

"ఒకటి," అన్నాడు.

చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. "ఒకటి," అన్నాను.

"రెండు."

"రెండు."

"మూడు."

"మూడు."

లైట్లు ఆర్పారు. బయట చీకట్లో ఊళ్ళు పోతున్నాయి. కళ్ళు మూసుకుంటే ఇంకా పసుపు పూలే, ఒక్కో అడుగుకు కొన్ని. నిద్ర పట్టబోతుండగా పైనుంచి గొంతు వచ్చింది.

"శ్రీనూ, సోమవారం సెలవు దొరుకుతదా?"

"దేనికి?"

"పాలకుర్తి టవర్ కింద నిలబడనీకి."

"దొరుకుతది."



"పుస్తకం ఇంట్ల పెట్టి రా," అన్నాడు.