పరిమాణం అన్న మాట

విజయశ్రీ ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు ఫెయిలైంది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళుగా చిక్కడపల్లిలోని ఒక డీటీపీ దుకాణంలో లెక్కల పుస్తకాలే టైపు చేస్తోంది. అశోక్ నగర్ కోచింగ్ నోట్సులు సగం ఆమె చేతి మీదుగానే పోతాయి. చదవకుండా కొట్టడం మాత్రం ఆమెకు చేతకాదు. పోయిన నెల ఎవరిదో వాక్యం సరిదిద్దితే, ఆయన వచ్చి గొడవ చేశాడు.

"ఇంకోసారి రాసినోళ్ళ మాట ముట్టుకుంటే వేరే దుకాణం చూసుకో అక్కా," అన్నాడు యజమాని సుమంత్.

ఆ రోజు వీరరాఘవరావు గారి పుస్తకం నాలుగింటికల్లా నారాయణగూడ ప్రెస్సుకు వెళ్ళాలి. ఆయన రిటైరైన లెక్చరర్; యాదృచ్ఛిక మాత్రికల గురించి, అంటే అంకెలు అదృష్టం కొద్దీ పడే గళ్ళ పట్టికల గురించి, తెలుగులో రాశారు. ప్రూఫులు దిద్దిన నేను భాష చూశాను గానీ లెక్క చూడలేదు. విజయశ్రీ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. సుమంత్ వైపోసారి చూసి, ఎదురుగా కూర్చున్న వీరరాఘవరావు గారిని గొంతు తగ్గించి అడిగింది.

"సార్, జర ఒక్క మాట. పైన మాత్రిక పరిమాణం వంద అన్నరు. కిందేమో పరిమాణం ఇరవైని బాగా దాటే సంభావ్యత అతి స్వల్పం అన్నరు. నడుమల చిక్కిపోయిందా ఏంది?"

"అక్కా!" అన్నాడు సుమంత్.

వీరరాఘవరావు గారు కాగితం లాక్కుని చూశారు.

"మొదటిది వరుసల సంఖ్యమ్మా. రెండోది, సదిశను మాత్రిక ఎంత సాగదీస్తుందో ఆ కొలత. గడికో నాణెం ఎగరేసి, బొమ్మకి ఒకటి, బొరుసుకి రుణ ఒకటి వేశాం. అన్నీ ఒకే వైపు లాగితే వంద రెట్లు. కానీ నిజంగా సాగేది ఇరవై రెట్ల దాకానే; ఒకటి ఇటు లాగితే ఇంకోటి అటు లాగుతుంది."

"మా అపార్ట్‌మెంట్ మీటింగ్ లెక్కన."

ఆయన నవ్వి, వెంటనే నీరసపడ్డారు. "రెండింటికీ ఒకే మాట వాడేశాను. పిల్లలు చచ్చిపోతారు."

"రెండోదానికి సాగుడు అని పెట్టుండ్రి సార్."

"సాగుడా? మా గుంటూరు వాళ్ళు నవ్వుతారు."

"అర్థమైనంక నవ్వుతరు."

సాగుడే ఖాయమైంది. పుస్తకంలో పరిమాణం అన్న మాట నలభై మూడు చోట్ల ఉంది. ఒక్క మీట నొక్కి మారిస్తే వరుసల లెక్క కూడా సాగుడైపోతుంది. ఒక్కొక్కటీ చదివే మార్చాలి. సుమంత్ గొణుక్కుంటూనే ప్రెస్సుకు ఫోన్ చేశాడు: "ఒక గంట లేటయితది అన్నా."

ఆయన పక్కన కూర్చుని చెబుతుంటే ఆమె మార్చుకుంటూ పోయింది. పందొమ్మిదో చోట ఆయన "సాగుడు," అన్నారు.

"కాదు సార్, ఇది వరుసలదే."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. "నువ్వే కానియ్యమ్మా," అని కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.