ఫోన్లో కారు కనిపించడం ఆగిపోయినప్పుడు

గాజువాక దగ్గర ఒక కార్ల సర్వీస్ సెంటర్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. మెకానిక్‌ని కాదు. కారు తెచ్చినవాళ్లు చెప్పేది రాసుకోవడం, పని పూర్తయ్యాక ఫోన్ చేసి చెప్పడం, ఎవరైనా కోప్పడితే వినడం నా ఉద్యోగం. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఉక్కు ఫ్యాక్టరీలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో మాట్లాడే భాషే నోటికి అంటుకుంది. ఫోన్లో నా గొంతు వినగానే "మీది ఈ ఊరు కాదేటి?" అని ఇప్పటికీ కొందరు అడుగుతారు.

ఒక వేసవిలో మా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. కొన్నేళ్ల కిందట మేం అమ్మిన ఒక మోడల్ కార్ల లోపల చిన్న సిమ్ కార్డు ఉంటుంది. దాని వల్లే కారు ఎక్కడుందో యజమాని ఫోన్లో కనిపిస్తుంది. బయటికి రాకముందే ఇంట్లోంచి ఏసీ వేసుకోవచ్చు, తాళం పడిందో లేదో చూసుకోవచ్చు. ఆ సిమ్ పాత నెట్‌వర్క్ మీద పనిచేసే రకం. ఫోన్ల సంస్థలు ఆ నెట్‌వర్క్‌ని మూసేస్తున్నాయి కనుక నెలాఖరుకి ఇవన్నీ ఆగిపోతాయి, కొత్త పరికరం ఈ మోడల్‌కి రాదు, యజమానులకు ఫోన్ చేసి తెలియజేయండి అని రాశారు. ఏం చెప్పాలో కూడా వాళ్లే రాసి పంపారు. చివరి వాక్యం "కారు నడవడానికి ఎలాంటి ఇబ్బందీ ఉండదు" అని.

నాలుగు పేజీల జాబితా ఇచ్చారు. రోజూ భోజనానికి ముందు కొన్ని ఫోన్లు చేసేవాణ్ణి. చాలామంది "అలాటిది ఉన్నాదా నా కార్లో?" అన్నారు. సబ్బవరం నుంచి ఒకాయన మాత్రం నొచ్చుకున్నాడు. ఇంటికి చుట్టాలొస్తే అరుగు మీద కూర్చుని ఫోన్లోంచి ఏసీ వేసి చూపించేవాడట. "ఇప్పుడు ఆలకేటి సూపించను?" అన్నాడు. నేను చివరి వాక్యం చదివి ఫోన్ పెట్టేశాను.

జాబితా మూడో పేజీలో ఒక ఎరువుల వ్యాపారి పేరుంది. నంబరు మాత్రం ఆయన భార్యది. నేను చెప్పాల్సింది చెప్పాక ఆవిడ అడిగింది. 

"బాబూ, మరయితే ఆయన ఎక్కడున్నారో నాకెలగ తెలుస్తాది?"

ఈ ప్రశ్నకి కాగితం మీద జవాబు లేదు. "కారు నడవడానికి ఎలాంటి ఇబ్బందీ ఉండదమ్మా" అన్నాను.

"కారు గురించి కాదు నాను అడిగింది," అంది ఆవిడ.

శనివారం ఆ దంపతులు సర్వీస్‌కి కారుతో వచ్చారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఆయన కారు అప్పగించి, పక్క షోరూమ్‌లో తెలిసినవాళ్లుంటే పలకరించడానికి వెళ్లాడు. ఆవిడ నా బల్ల ముందు కూర్చుని సంగతి చెప్పింది. ఇల్లు గాజువాకలో, దుకాణం ఎలమంచిలిలో. ఆయన రోజూ తనే కారు నడుపుకుంటూ హైవే మీద వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తాడు. సుగర్ ఉంది. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆవిడ ఫోన్లో చూస్తే కశింకోట దాటాక కారు గుర్తు ఆగిపోయి ఉంది, కదలడం లేదు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది. రోడ్డు పక్కకు తీసి ఆపిన కారులో ఆయన స్టీరింగ్ మీద తల వాల్చి ఉన్నాడు. చెమటతో చొక్కా తడిసి ముద్దయింది. సుగర్ పడిపోయింది. పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకుపోయారు.

"అప్పట్నుంచి బయల్దేరిన కాణ్ణుంచీ సూత్తానే ఉంటాను. అనకాపల్లి దాటినారు, లంకెలపాలెం ఒచ్చినారు, అలగ. ఆయనకి సెప్పలేదు," అంది. "ఇంకో సిమ్ ఏస్తే అవదా?"

అవదని చెప్పాను. బండి ఎక్కడుందో ఫోన్లో చూపించే ట్రాకర్లు బయట మార్కెట్లో దొరుకుతాయని, లారీలకు, అద్దె కార్లకు బిగించే రకమని చెప్పాను. మా కంపెనీది కాని వస్తువు గురించి చెప్పకూడదు. అయినా చెప్పాను. ఆవిడ దాని పేరు కాగితం మీద రాయించుకుంటోంది. ఈలోగా ఆయన వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు.

"ఏటది?"

ఆవిడ కాగితం మడిచింది. నేను ట్రాకర్ అన్నాను. దాచడానికి నాకేమీ కనబడలేదు.

"నాను లారీనా ఏటి, ట్రాకర్ పెట్టడానికి?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వు సూత్తన్నావని నాకు తెలీదనుకున్నావా? నీ తమ్ముడే సెప్పీసినాడు ఎప్పుడో."

"తెలిస్తే మరి అడగలేదేటి?"

"అడిగి ఏటి సెయ్యను? రెండేళ్ల నుంచి దారిలో ఎక్కడా టీకి ఆగలేదు నాను. తాళ్లపాలెంలో మావోళ్లు కొట్టు కాడ కూకుని పిలుత్తారు. ఆగితే నీ ఫోన్లో కారు ఆగుతాది. నువ్వు కంగారు పడతావు. అందుకే సెయ్యి ఊపీసి ఎలిపోతాను."

ఆవిడ తల తిప్పి ఆయన్ని చూసింది. "నాను ఆగొద్దన్నానేటి? టీ తాగొద్దన్నానేటి?"

"అన్లేదు."

"మరి?"

 నా బల్ల మీదున్న కాగితాలను సర్దుతున్నట్టు నటించాను. ఇలాంటప్పుడు లేచి వెళ్లిపోవడం మంచిదని నాకు తెలుసు. కానీ కారుకి చేయాల్సిన పనులు రాసిన జాబ్ కార్డు మీద ఆయన సంతకం కావాలి. కాసేపటికి ఆవిడే లేచి మంచినీళ్ల దగ్గరికి వెళ్లింది. ఆయన సంతకం పెడుతూ "ఎప్పుడాగిపోద్ది బాబూ అది?" అని అడిగాడు. నెలాఖరుకి అన్నాను. తల ఊపాడు. సంతోషించాడో బాధపడ్డాడో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు.

వాళ్లు వెళ్లాక మిగిలిన ఫోన్లు పూర్తి చేశాను. ఒక మార్పు మాత్రం చేశాను. కాగితం చదివే ముందు "దీన్ని మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?" అని అడగడం మొదలుపెట్టాను. ఇద్దరు ముగ్గురు ఇంట్లోవాళ్లను కనుక్కుని చెబుతామన్నారు.

నెలాఖరున అది ఆగిపోయింది. ఆ వారం కొన్ని ఫిర్యాదులు వచ్చాయి. చేసినవాళ్లలో చాలామంది నేను ముందే ఫోన్ చేసి చెప్పినవాళ్లే. ఎరువుల వ్యాపారి ఇంటి నుంచి ఏమీ రాలేదు. ట్రాకర్ పెట్టించుకుని ఉంటారనుకున్నాను.

తర్వాతి సర్వీస్‌కి కారు తీసుకుని ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఆవిడ పక్క సీట్లో ఉంది. మీటరు చూసి జాబ్ కార్డులో తిరిగిన కిలోమీటర్ల అంకె రాయబోతూ ఆగాను. పాత సర్వీస్ నాటి అంకెకూ దీనికీ పెద్ద తేడా లేదు. మీటరు పాడైందేమో అనుకుని అడిగాను.

"మీటరు బాగానే ఉన్నాది బాబూ. కారు ఇంటి కాడే ఉంటన్నాది," అంది. "ఆయన రైల్లో ఎల్తన్నారు. దువ్వాడలో ఎక్కి ఎలమంచిలిలో దిగిపోతారు."

"ట్రాకర్ పెట్టించలేదా అమ్మా?"

"ఒప్పుకోలేదు. మొదట్లో తాళ్లపాలెంలో ఆగి ఫోన్ సేసేవోరు. ఓ రోజు మర్సిపోనారు. నాను ఆ రోజు అన్నం తిన్లేదు. ఆయన ఇంటికొచ్చి సూసి, మర్నాటి నుంచి రైలు అన్నారు. నాను అడగలేదు, ఆయనే అన్నారు." మళ్లీ తనే చెప్పింది. "రైల్లో అయితే పక్కన మడుసులు ఉంటారు. పడిపోతే ఎవులో ఒకలు సూత్తారు కదా."

రైలు ఆలస్యమైతే ఏం చేస్తారని అడిగాను. ఆలస్యమయితే అందరికీ ఆలస్యమే కదా అంది. ఆయన పొద్దున్న అరగంట ముందే ఇంట్లోంచి వెళ్లిపోతున్నాడట. స్టేషన్లో టీ తాగడానికని.

కారు అలా నిలబెట్టి ఉంచితే బ్యాటరీ దిగిపోతుందని, వారానికోసారైనా కాస్త దూరం నడపమని చెప్పాను. ఆవిడ తమ్ముడి వైపు చూసి "ఆదివారం ఒచ్చి తిప్పు" అంది. అతను సరేనన్నాడు. ఆయిలు మార్చి, కడిగించి, మధ్యాహ్నానికి కారు ఇచ్చేశాను.