తొట్టెల బొమ్మ దించిన మూడు రోజులు

1946లో నల్లగొండ బజారులో నా ప్రసూతి గది ఉండేది. గోడ నుంచి వీధిలోకి రెండు మూరలు పొడుచుకొచ్చేలా ఒక బోర్డు వేలాడదీశాను. దాని మీద తొట్టెల బొమ్మ. నా దగ్గరికొచ్చేవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. బొమ్మ కనిపించిన చోట బండి ఆపేవారు.

ఒక పొద్దున పట్టణ కమిటీ జవాను ఉర్దూ నోటీసు తెచ్చాడు.

"మీ బోర్డు సడక్ మీదికొచ్చిందంట. తియ్యకుంటే అమీన్ సాబ్ వస్తడు. మీ నోరు గాయన ముందట నడవదమ్మా."

ఊళ్లో ఎవరితోనైనా వాదించగలను. కానీ అంతకు ముందు వారమే, బోర్డు గురించి ఎదురు మాట్లాడినందుకు పోలీసు అధికారి అయిన ఆ అమీన్ బట్టల దుకాణదారుణ్ణి రెండు రోజులు ఠాణాలో కూర్చోబెట్టాడు. కాలేజీలో ఉర్దూ చదివిన నేను రెండు వరుసలు చదివాను. చేతులు వణికాయి. కాగితం మడిచేశాను. మధ్యాహ్నానికల్లా బోర్డు దింపించాను.

మూడో రోజు నకిరేకల్ వైపు నుంచి ఒక బండి వచ్చింది. కాన్పుకు తెచ్చిన కోడలి కంటే ముందు అత్త పోశమ్మ దూకింది.

"తొట్టెల బొమ్మ యాడ వెట్టినవ్ నర్సమ్మా? బజారు రెండుసార్లు తిరిగినం! మూలకున్న జవాన్ని అడుగుమంటే నా కొడుకు భయపడె!"

బండిలో కోడలు ఎల్లమ్మ. బ్రీచ్ కాన్పు, అంటే బిడ్డ కాళ్లు ముందు రావడం. అప్పటికే కాళ్లు బయటికొచ్చి నీలంగా ఉన్నాయి. తల ఇరుక్కుంటే బిడ్డ దక్కదు.

"బతుకుతదా అమ్మా?" ఎల్లమ్మ నా కొంగు పట్టుకుంది.

"నువ్వు ముక్కు. అడిగేది తర్వాత అడుగు."

నెమ్మదిగా తియ్యాల్సిన బిడ్డను తొందరగా తీశాను. వేరే దారి లేకపోయింది. ఆడపిల్ల. ఎంతసేపటికీ ఏడవలేదు. బోర్లించి వీపు రుద్దాను. చివరికి ఏడ్చింది. తొందరగా లాగినప్పుడు భుజం నరం దెబ్బతిని, ఎడమ చెయ్యి మాత్రం లేవలేదు.

ఆ సాయంత్రం నోటీసు పూర్తిగా చదివాను. వీధిలోకి ఒక మూర దాకా బోర్డు ఉండొచ్చట. మార్చుకోవడానికి ఎనిమిది రోజుల గడువు. అభ్యంతరముంటే పట్టణ కమిటీ కచేరీలో చెప్పుకోవచ్చు.

మర్నాడు కడ్డీ ఒక మూరకు కోయించి బోర్డు ఎక్కించాను. జవాను ఉరికొచ్చాడు.

"అమీన్ సాబ్‌ను అడిగినవా?"

"నువ్వు తెచ్చిన కాయితమే ఉండనిచ్చింది. చదువు."

అతనికీ చదువు రాదు.

ఆ పిల్ల కుడి చేత్తోనే అన్నీ చేసుకుంటుంది. ఇప్పుడు ఏ సర్కారు కాగితమొచ్చినా సంతకం దాకా చదువుతాను. చేతులు వణికితే బల్ల మీద పెట్టి చదువుతాను.