ఒక్కసారే నొక్కిన లక్ష్మీదేవక్క

మూడో ట్యాంకర్ మా సందులోకి వెనక్కి వెనక్కి వస్తూ కూత పెట్టినప్పుడు నా గుండె మొదటిసారి జారింది. మొదటిది వచ్చినప్పుడు సంతోషించాను. రెండోది పక్కింటికనుకున్నాను. మూడోది మా గేటుకు తోక ఆనించి నిలబడి, దాని వెనకాల నాలుగోదాని ముక్కు కనబడేసరికి, చేతిలో ఉన్న మా పెద్దమ్మాయి జడ సగంలో వదిలేశాను. ఆ జడ ఆ రోజంతా సగంలోనే ఉంది. దయచేసి దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఘోరం. మంచి ఎండాకాలంలో, బోర్లన్నీ గాలి కక్కుతున్న కాలనీలో, ఒక ఆడమనిషి నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువునంతా వాడి, ఊరందరికీ రావాల్సిన నీళ్లను తన ఒక్క గడప ముందు వరసగా నిలబెట్టుకుంది. ఆ ఆడమనిషి నేనే. నాకింకా కోపం తగ్గలేదు. ఎవరి మీదని అడిగితే జాబితా పెద్దది, వరసగా వస్తాను.

మాది రాప్తాడు దాటాక హైవే పక్కన కాలనీ. నేను ఇంట్లో కూర్చుని చిన్న చిన్న షాపులకు వెబ్‌సైట్లు చేసిపెడతాను. "ఇంట్లోనే కదా ఉంటావు" అని నాతో అనేవాళ్లందరి మీదా నాకొక కోపం ఉంది గానీ, దానికి వేరే వ్యాసం కావాలి.

మా కాలనీకి నీళ్లు తెచ్చేది ఓబులేసన్న. శింగనమల వైపు ఎవరి తోటలోనో ఇంకా ఊరుతున్న బోరుంది. అక్కడ నింపుకుని నాలుగు ట్యాంకర్లతో తిప్పుతాడు. మంచివాడే, కానీ ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఎవరడిగినా దాచుకోకుండా చెప్తాడు.

"ఒక్కసారి ఫోన్ చేసినోళ్లకు ఇంట్లో నీళ్లుండాయమ్మా. రెండుసార్లు చేసినోళ్లకు డ్రమ్ములో అడుగున ఉండాయి. నాలుగుసార్లు చేసినోళ్లకే నిజంగా ల్యాకుండా పోయింటాయి. ముందు వాళ్లకు తోలల్ల."

దాంతో కాలనీ మొత్తం మనిషికి నాలుగుసార్లు ఫోన్ చేయడం నేర్చుకుంది. ఆయన ఫోన్ ఎప్పుడూ ఎంగేజే. దొరకనివాళ్లు హైవే మీదే కాపు కాసి, పక్కవాళ్లకు పోయే ట్యాంకర్‌ను తమ సందులోకి మళ్లించుకునేవాళ్లు. ఒకసారి మాకు రావాల్సింది అట్లాగే మలుపులో మాయమైంది. ఆ రోజు నేను డ్రైవరన్న మీదికి చీపురు తీసుకుని పోయాను. ఆ కోపంలోనే ఒక వెబ్‌పేజీ చేశాను. నా జీవితంలో మంచి పనులన్నీ కోపంలోనే మొదలయ్యాయి, చెడ్డవీ అందులోనే పూర్తయ్యాయి.

పేజీ చాలా సులువు. మొదటిసారి మీ ఫోన్ నంబరుతో లోపలికి రావాలి, ఆ తర్వాత ఇంటి నంబరు వేసి, 'ట్యాంకర్ కావాలి' అన్న బటన్ నొక్కాలి. మీ ఫోన్లోని పేజీ ఒక చీటీ రాసి, ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ దాన్ని లిస్టులో ఎక్కించి, సరేనని కబురు పెడుతుంది. అప్పుడు మీ ఫోన్లో 'మీ మాట అందింది' అని కనపడుతుంది. ఆ లిస్టును ఓబులేసన్న, ఆయన డ్రైవర్లు తమ ఫోన్లలో చూసుకుంటారు. పైన ఎర్ర అక్షరాలతో ఒక నియమం కూడా రాశాను: లిస్టులో ఉన్న గడపకే పైపు విప్పాలి, దారిలో ఎవరడిగినా విప్పకూడదు.

తర్వాత ఇంటింటికీ తిరిగి, ఒక్కసారి నొక్కితే చాలని చెప్పాను. అందరూ తల ఊపారు. మనస్ఫూర్తిగా నమ్మింది మాత్రం సందు చివర బట్టలు కుట్టే లక్ష్మీదేవక్క ఒక్కతే.

"ఒక్కసారే కదమ్మా? మళ్లా మళ్లా నొక్కితే చెడిపోతాదేమో" అని కూడా అడిగింది.

"ఒక్కసారేనక్కా. దాని సంగతి నేను చూసుకుంటా."

రెండు వారాలు దివ్యంగా నడిచింది. నాలుగుసార్లు అడిగే రోగం మూడు మాటలతో కుదిరింది. 'మీ మాట అందింది' అని కనపడగానే జనం ఫోన్ జేబులో పెట్టుకుని పనికి పోయారు. మనిషికి కావాల్సింది నీళ్లకన్నా ముందు ఒక జవాబు. ఇంత గొప్ప సత్యం నా చేతిలో ఉండగా నేనేం చేశానో తెలుసా? ఆ మూడు మాటలు అందంగా లేవనుకున్నాను.

ఒక సాయంత్రం కూర్చుని వాటికి ఆకుపచ్చ పెట్టె కట్టాను. మూలన నీటిచుక్క బొమ్మ వేశాను. పెట్టెకు కొత్త పేరు పెట్టాను. బటన్ నొక్కగానే పనిచేసే కోడ్‌లో మాత్రం పాత పేరు అట్లాగే వదిలేశాను. అంటే కోడ్ చీటీని బుద్ధిగా సర్వర్‌కు ఇచ్చేసి, జవాబు రాయడానికి తిరిగొచ్చి, పాత పెట్టె కోసం వెతికి, కనపడక గుమ్మంలోనే కూలబడిపోతుంది. చీటీ చేరుతుంది. చేరిందన్న కబురు మాత్రం రాదు. పెట్టె ఎంత ముద్దుగా ఉందో పదిసార్లు చూసుకున్నాను. పని చేస్తుందో లేదో ఒక్కసారీ నొక్కి చూడలేదు.

తెల్లారింది. కాలనీవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి.

"ఏమమ్మా, నీ బటన్ సచ్చిపోయినట్లుండాది. నొక్కుతాంటే ఉలకదు, పలకదు."

"ఎన్నిసార్లు నొక్కినావన్నా?"

"ఐదారుసార్లు నొక్కినా. ఇంగా నొక్కల్లనా?"

తప్పు ఎక్కడుందో నాకు వెంటనే అర్థమైపోయింది. సర్వర్‌లో. ఎందుకంటే నా పేజీ అంత అందంగా ఉంది కదా, దాంట్లో తప్పెట్లా ఉంటుంది? సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మా ఇంటి నంబరు వేసి నొక్కి చూశాను. పలకలేదు. డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను. నొక్కాను. పలకలేదు. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీవాళ్లకు చాట్‌లో నాలుగు చీవాట్లు రాశాను. 'మీ ఓపికకు ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. లేని ఓపికకు ధన్యవాదాలు చెప్పినవాళ్ల మీద వచ్చే కోపం వేరు. ఆ కోపంలో మళ్లీ నొక్కాను.

పరీక్షలు చేసుకోవడానికి వేరే కాపీ పెట్టుకోవాలి, నడుస్తున్న అసలుదాని మీద చేయి వేయకూడదు. ఇది కాలేజీలోనే చెప్పారు. కోపంలో ఉన్న మనిషికి కాలేజీ గుర్తుకురాదు.

పక్కన పెద్దమ్మాయి, "అమ్మా."

నొక్కాను.

"అమ్మా. అమ్మా."

"ఉండవే, నాకు ఊపిరాడటం లేదిక్కడ."

"అమ్మా, అది కాదుమా."

జడ కోసమనుకుని దువ్వెన తీసుకున్నాను. సగం వేశానో లేదో, మొదట్లో చెప్పిన కూతలు మొదలయ్యాయి.

బయటికి వచ్చేసరికి అయిదు ట్యాంకర్లు. సందు మొత్తం మూసుకుపోయింది. వెనకే ఓబులేసన్న బండి మీద వచ్చి దిగాడు, ముఖం నిండా ఆందోళనతో.

"ఏమైందమ్మా ఇంట్లో? అందరూ బాగుండారా?"

"మాకేమైందన్నా? ఇన్ని ట్యాంకర్లు ఏంటికి తెచ్చినావు?"

"పొద్దున్నించి నా ఫోన్లో నీ గడపే మోగుతాండాది. నాలుగుసార్లు అడిగితేనే నేను ఆగలేను. నువ్వు అడిగినట్ల నా సర్వీసులో ఎవ్వురూ అడగల్యా. ఏం కష్టమొచ్చెనో ఏమో అని రాప్తాడు నుంచి మా బామ్మర్ది ట్యాంకర్ గూడా పిలిపించినా."

"నేనట్ల నొక్కలేదన్నా. నా బటనే పని చేయటం లేదు. ఎవరో నా గడప నంబరేసి కావాలని నొక్కినారు."

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. కానీ నా లెక్క చూడండి. బటన్ పలకలేదు కాబట్టి నా నొక్కుళ్లేవీ పోలేదు. నావి పోలేదు కాబట్టి ఇవి వేరే ఎవరివో. ఇంత చక్కటి తర్కంతో నేను నిండా మునిగాను, అదీ నీళ్లు లేని ఊళ్లో.

అప్పటికి కాలనీ సగం మా గేటు ముందే ఉంది. "చదువుకున్న పిల్ల కదప్పా, ట్యాంకర్లు గూడా ఆమెకే పలుకుతాయి" అని ఎవరో అంటే, "మనకు బటన్ ఇచ్చి నీళ్లు ఆమె పెట్టుకున్యాది" అని ఇంకొకరు అందుకున్నారు.

ఆ గుంపులోంచి లక్ష్మీదేవక్క వచ్చింది. కొత్త చీర కట్టుకుని, చంకలో ఖాళీ బిందె.

"మాకెప్పుడొస్తాదప్పా ఓబులేసూ? పదకొండుకు నా మనవరాల్ని ఉయ్యాల తొట్లో వేసేది. చుట్టాలందరూ వచ్చినారు. వంటోళ్లు పొయ్యి ముందర ఊరికే కూచోనుండారు. పసిదానికి నీళ్లు పోసేకి గూడా చెంబుడు ల్యావు."

ఆయన ఫోన్లో వేలితో కిందికి, ఇంకా కిందికి లాగాడు. "ఆఁ, ఈడ అడుగున ఉండాదక్కా నీది. ఒక్కసారే నొక్కినావు కదా. నీకు నీళ్లుండాయేమో, తీరుబడిగా పోదామనుకుంటి."

లక్ష్మీదేవక్క నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పినావనే కదమ్మా ఒక్కసారే నొక్కింది."

తిట్టి ఉంటే బాగుండేది. నేను గబగబా మొదటి ట్యాంకర్ దగ్గరికి పోయాను.

"అన్నా, ఇది లక్ష్మీదేవక్క ఇంటికి తోలు. జల్దీ."

డ్రైవరన్న స్టీరింగ్ మీంచి చేయి తీయలేదు. "కుదరదమ్మా. లిస్టులో ఉండే గడపకే పైపు విప్పల్ల. ఎర్ర అక్షరాలతో నువ్వే రాసినావు."

"రాసింది నేనే, మార్చమనేదీ నేనే."

"పోయిన నెల ఒకాయన ఇట్లనే మాటలు చెప్పి మళ్లించుకున్యాడు. నువ్వు చీపురు తీసుకోని నా మింద పడితివి. లిస్టు మార్చు, పోతా."

అప్పుడు లాప్‌టాప్ తెచ్చి కాంపౌండ్ గోడ మీద పెట్టాను. అందరి కళ్లూ వీపు మీద గుచ్చుకుంటుంటే, పొద్దున మొట్టమొదట చేయాల్సిన పని అప్పుడు చేశాను. పేజీలో జరిగే తప్పులను బ్రౌజర్ రాసిపెట్టే కిటికీ ఒకటుంటుంది, అది తెరిచాను. ఒక ఎర్ర గీత. ఫలానా వరసలో, ఫలానా పేరుతో నువ్వు చెప్పిన పెట్టె ఈ పేజీలో లేదు. పొద్దున్నించీ అది అక్కడ కూర్చుని, అడిగితే చెప్తానన్నట్టు ఎదురు చూస్తోంది. నేను సర్వర్‌ను అన్ని మాటలన్నాను. పాపం, సర్వర్ తప్పు ఒక్కటీ లేదు. ఇచ్చిన చీటీ ఇచ్చినట్టు తీసుకుంది.

ఒక్క పేరు మార్చాను. బటన్ పలికింది. ఆ దెబ్బతో నా కోపానికి రెట్టింపు బలం వచ్చింది.

"ఇంగ చూడండి. ఎవరు ఎప్పుడు నొక్కినారో, ఏ ఫోన్ నుంచి నొక్కినారో సర్వర్ అంతా రాసుకుంటుంది. నా గడప పేరు మీద నొక్కినోళ్ల నంబరు అందరి ముందరా చదువుతా."

"చదువమ్మా" అన్నాడు ఓబులేసన్న చేతులు కట్టుకుని. "వాళ్లెవరో మేము గూడా చూస్తాము."

తెరిచాను. మా గడప పేరు మీద పదిహేడు చీటీలు. పదిహేడింటి పక్కనా ఒకటే ఫోన్ నంబరు. ఆ నంబరు నాకు బాగా తెలుసు.

"ఏమ్మా, చదువు మరి."

"ఎండకు స్క్రీన్ సరిగ్గా కనపడటం లేదన్నా."

సగం జడతో మా పెద్దమ్మాయి గోడ మీదికి మెడ సాచింది. "కనపడతాంది కదమ్మా. మన నంబరే. నా స్కూల్ డైరీలో రాసింటాదే, అదే." ఇక ఆపితే బాగుండేది, ఆపలేదు. "పొద్దున్నించి అదే చెప్తామని పిలుస్తాండా. నువ్వు నొక్కినప్పుడంతా లాప్‌టాప్‌లో తెరిచిపెట్టిన లిస్టులో మన గడప ఒకటి ఎక్కువైతాండాది. నువ్వు పలకల్యా."

కాలనీ నవ్విన నవ్వు హైవే దాకా వినిపించి ఉంటుంది. ఓబులేసన్న మాత్రం నవ్వలేదు. తల అడ్డంగా ఊపుతూ తీర్పు చెప్పాడు.

"నా దగ్గర నాలుగుసార్లు అడిగితే నీళ్లన్నా వస్తాయమ్మా. నీ దగ్గర ఆ బిడ్డ ఎన్నిసార్లు పిలిచినా జవాబే రాదు. నా కన్నా అన్యాయం నువ్వు."

నావి పదహారు చీటీలు కొట్టేశాను. లక్ష్మీదేవక్క గడపను పైకి ఎక్కించాను. డ్రైవరన్న ఫోన్ చూసుకుని, "ఈడ ఇంగా నీ గడపే ఉండాదే" అన్నాడు. ఫోన్ దాచుకున్న పాత పేజీని చూపిస్తోంది. పేజీని కిందికి లాగి వదలమన్నాను. లాగాడు, కొత్త లిస్టు వచ్చింది, ట్యాంకర్ కదిలింది. వెనక నాలుగూ వెనక్కి పోతే గానీ ముందుది బయటపడలేదు. పదకొండుకు తొట్లో పడాల్సిన పాప పన్నెండున్నరకు పడింది, అంతసేపూ ఏడ్చి ఏడ్చి.

నేను పోయి ఉయ్యాల ఊపి, తలవంచుకుని నిలబడ్డాను. లక్ష్మీదేవక్క నా చేతిలో తాంబూలం పెట్టి, నెమ్మదిగానే అంది.

"ఈ తూరి నుంచి నేనూ నాలుగుసార్లు నొక్కుతాలేమ్మా."

ఆ మాటకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. నా మాట నమ్మిన ఒకే ఒక్క మనిషిని చెడగొట్టాను, అదీ ఒక ఆకుపచ్చ పెట్టె కోసం.

ఆ సాయంత్రమే అన్నీ మార్చాను. ఒక గడప నుంచి ఎన్నిసార్లు నొక్కినా ఇప్పుడు ఒకటే లెక్క. నొక్కగానే బటన్ బూడిదరంగుకు మారి, మళ్లీ నొక్కనివ్వదు. ఓబులేసన్న చేత ముందడిగినవాళ్లకే ముందని ఒప్పించాను. నీటిచుక్క బొమ్మ తీసేశాను. తర్వాత మా సంపు మూత మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను: పని చేసే మూడు మాటలకు ఇంకెప్పుడూ నగలు తొడగను. నా పేజీలో ఎర్ర గీత చూడకుండా ఊళ్లోవాళ్లను దొంగలనను. కోపంగా ఉన్నప్పుడు బటన్‌కు అయిదడుగుల దూరంలో ఉంటాను.

మరుసటి పొద్దున ఇద్దరమ్మాయిలనూ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "ఇంక మీదట నన్ను నాలుగుసార్లు పిలవద్దు. ఒక్కసారి చాలు. పనిలో ఉన్నా సరే, మొదటి పిలుపుకే ఆఁ అంటా" అన్నాను. ఇద్దరూ, కాలనీవాళ్లు ఊపినట్టే, తల ఊపారు.

నేను లాప్‌టాప్ తెరిచి రెండు నిమిషాలు కాలేదు.

"అమ్మా."

"ఆఁ. ఏం కావాలే?"

"ఏమీ వద్దు. పని చేస్తాందో లేదో అని చూసినా" అంది పెద్దది.

"ఇది పరీక్ష కాపీ కాదు తల్లీ, అసలుదే" అన్నాను. "దువ్వెన తీసుకోని రా, జడేస్తా."