మిరపకాయల మూట విప్పిన మేస్త్రి

మా కారు బాగుచేసే బండి మేస్త్రి పోయాడని తెలిసినప్పుడు నేను మానుకోట దవాఖానలో, డయాలసిస్ గది బయట ఇనుప కుర్చీలో కూర్చుని ఉన్నాను. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తారు గానీ మా కేసముద్రం వైపు అందరి నోటా అది మానుకోటే. లోపల మా ఆయనకు సూదులు గుచ్చి అప్పటికి అరగంట అయింది. ఇంకా మూడున్నర గంటలు ఉంది. ఫోన్ చేసింది మేస్త్రి భార్య.

"మీ అన్న పోయిండమ్మా. పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నడు. దవాఖానకు తీస్కపోయేటాల్లకే అయిపోయింది."

భూపాలపల్లిలో బిడ్డ ఇంటికి నాలుగు రోజులు ఉండి వస్తానని పోయిన మనిషి. అక్కడి నుంచి తండాకు తెస్తున్నామని, పొద్దు గూకకముందే అన్నీ కానిచ్చేస్తారని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. లేచి ఎక్కడికి పోవాలి? మా ఆయన్ని ఆ మిషన్ నుంచి మధ్యలో విప్పి తీసుకుపోలేను, వదిలిపెట్టి పోలేను. వారానికి మూడు రోజులు, మూడేళ్ళుగా ఆ కుర్చీలోనే కూర్చుంటున్నదాన్ని. నిజం చెప్తున్నాను, గట్టిగా ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

మేస్త్రి పేరు చెప్పినా మీకు తెలియదు. ఊళ్ళో కూడా ఆయన్ని ఎవరూ పేరుతో పిలిచేవాళ్ళు కాదు. మార్కెట్ యార్డు రోడ్డు మీద మేస్త్రి షెడ్డు ఎక్కడ అంటే పత్తి దించే హమాలీలు కూడా చేయెత్తి చూపించేవాళ్ళు. పక్క తండా ఆయనది. ఇంట్లో మాట్లాడే భాష వేరు, షెడ్డులో మాట్లాడే భాష వేరు. ఇంజన్ మీదికి వంగినప్పుడు మాత్రం ఇంటి భాషలోనే ఏదో గొణుక్కునేవాడు. దాన్ని బుజ్జగిస్తున్నాడో తిడుతున్నాడో మాకు అర్థమయ్యేది కాదు.

మా ఆయన ఇరవై ఏళ్ళు కిరాయికి బండి నడిపాడు. కాళేశ్వరం యాత్రలు, పెళ్ళిళ్ళు, దవాఖాన ప్రయాణాలు. కిడ్నీలు చెడిపోయాక అదే బండిలో వెనక సీటులో పడుకుని తనే దవాఖానకు పోవలసి వచ్చింది. నడిపేవాళ్ళు ఎవరూ లేరు. నలభై నాలుగేళ్ళ వయసులో నేను స్టీరింగ్ పట్టుకున్నాను. క్లచ్చు, గేరు నేర్పింది మా ఆయన. బండి మాట వినడం నేర్పింది మాత్రం మేస్త్రి.

ఆయన పద్ధతే వేరు. బండి తీసుకుపోగానే బానెట్ ఎత్తడు. స్టూలు వేసి కూర్చోబెట్టి అడగడం మొదలుపెడతాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకనా? లైట్లు వేసినప్పుడా? బండి తిప్పుతుంటేనా, నిలబడి ఉంటేనా? మనం "ఏమో అన్నా, ఆగిపోతాంది" అంటే ఒప్పుకోడు. "ఎప్పుడాగుతాందో నువ్వు చెప్పు చెల్లె, ఎందుకాగుతాందో నేను చెప్త" అనేవాడు. వేరే పని తొందరలో వచ్చినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. నేనూ విసుక్కునేదాన్ని.

ఇంకో పట్టుదల ఉండేది. ఒక రోజు ఒక్కటే పని. ఒక వస్తువు మార్చాడంటే, బండిని రెండు రోజులు నడిపించి చూశాకే రెండోదాని మీద చేయి వేస్తాడు. "నాలుగు ఒక్కసారి మారిస్తే బాగైతది. ఏది మారిస్తే బాగైందో మాత్రం ఎర్కగాదు. రేపు మళ్ల ఆగితే ఏం జేస్తవ్?" అనేవాడు. షెడ్డు గోడకు రెండు మూరల రబ్బరు గొట్టం ఒకటి వేలాడేది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజన్ మీద అక్కడక్కడా తిప్పుతూ వినేవాడు. అప్పుడు షెడ్డులో ఎవరైనా మాట్లాడితే కళ్ళతోనే నోరు మూయించేవాడు.

ఇక మా ఊరి ఎలుకల సంగతి చెప్పాలి. మా ఇల్లు యార్డు వెనకాలే. గోదాముల్లో గింజలు తిని బలిసిన ఎలుకలు చలికాలం వెచ్చదనం కోసం ఇంజన్లలో దూరి వైర్లు కొరికేవి. దానికి మేస్త్రే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎండు మిరపకాయలు గుడ్డలో మూటగట్టి ఇంజన్ దగ్గర కడితే ఘాటుకు ఎలుక రాదు. మిరపకాయలకు మా వైపు కరువా? తన దగ్గరకు వచ్చిన ప్రతి బండికీ సన్న తీగతో ఒక మూట కట్టి పంపేవాడు. మా బండికీ కట్టాడు. ఎలుకలు నిజంగానే రాలేదు. మేమంతా ఆయన్ని మెచ్చుకున్నాం.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక మా బండికి జబ్బు మొదలైంది. పోతున్నంతసేపు బాగానే ఉంటుంది. ఆపి నిలబెడితే చాలు, ఇంజన్ ఒకసారి గొంతు పెంచుతుంది, ఒకసారి తగ్గిస్తుంది, వణుకుతుంది, చివరికి టప్పున ఆగిపోతుంది. మళ్ళీ సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. మేస్త్రి దగ్గరకు తీసుకుపోతే మాత్రం మంచి పిల్లలాగా ఆడేది. ఆయన ప్లగ్గులు చూశాడు. రెండు రోజులు ఆగి గాలి వచ్చే దారి కడిగాడు. ఇంకో రెండు రోజులకు పెట్రోలు ఫిల్టరు మార్చాడు. జబ్బు అట్లాగే ఉంది. నాకు ఓపిక నశించి జనగామలో మా తమ్ముడికి తెలిసిన గ్యారేజీలో ఇచ్చి వచ్చాను. మర్నాడు పొద్దున వాళ్ళు కంప్యూటర్ తగిలించి చూస్తే తప్పేమీ కనిపించలేదట. తిరిగి వస్తుంటే జఫర్‌గఢ్ దగ్గర గొర్రెల మందకు దారి ఇద్దామని ఆపాను, ఆగిపోయింది.

అప్పుడు మేస్త్రి కోప్పడలేదు. "ఆగినప్పుడల్ల రాసిపెట్టు చెల్లె" అన్నాడు. నా దగ్గర ఉన్నది ఒకటే నోటుబుక్కు, మా ఆయన బరువూ బీపీ రాసుకునేది. ఎడమ పేజీలో ఆయనవి, కుడి పేజీలో బండివి రాయడం మొదలుపెట్టాను. ఎవరి పరిస్థితి ఎక్కువ పాడుగా ఉందో చూస్తే తెలిసేది కాదు.

ఒక గురువారం పొద్దున పక్క ఊళ్ళో మందులు తీసుకుని మానుకోటకు పోతుంటే రైలు గేటు పడింది. గేటు లేచేసరికి మా బండి ఆగిపోయింది. వెనక లారీలు, ట్రాక్టర్లు హారన్లు. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ కూడా దిగిపోయింది. ఎవరో హమాలీలు దిగి పక్కకు తోశారు. ఇంకో బండి దొరికి దవాఖానకు చేరేసరికి మా ఆయన వంతు దాటిపోయింది. మర్నాడు పొద్దున రమ్మన్నారు. ఆ ఒక్క రోజులో ఆయనకు ఒళ్ళంతా నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన ఊపిరి వింటూ ఉన్నాను. వినడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు.

మర్నాడు కిరాయి బండిలో పోయి డయాలసిస్ అయ్యాక ఆయన్ని ఇంట్లో దించి నేరుగా షెడ్డుకు పోయాను. మా బండిని అప్పటికే అక్కడికి తెచ్చి బ్యాటరీ ఎక్కించారు. నలుగురు ఉన్నారు. వాళ్ళ ముందే అన్నాను.

"నీకు రాదంటే రాదని చెప్పరాదా అన్నా? నీ చెవులు పోయినయ్. షెడ్డు బంద్ పెట్టుకో. నా ఇంటాయన నీ చేతుల సచ్చిపోయేటోడు."

మేస్త్రి చేతులు గుడ్డకు తుడుచుకుని నోటుబుక్కు అడిగాడు. కుడి పేజీలన్నీ నెమ్మదిగా తిరగేశాడు. ఎడమ పేజీలు కూడా చూశాడు. అవి చూసినప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నాదే తప్పు చెల్లె" అన్నాడు. "నీ ఇల్లు గీన్నే ఉండె. నువ్వు తెచ్చినప్పుడల్ల బండి సల్లగ ఉండె. జనగామోళ్ళు గూడ పొద్దుగాల సల్లటి బండే సూశిన్రు. నువ్వు రాసిందాంట్ల అన్ని వేడి మీద ఆగినయే. పా, కూసుంట. పోయొద్దాం."

నీళ్ళ సీసా ఒకటి తీసుకుని మూతకు మేకుతో చిల్లు పెట్టి, నా పక్క సీటులో కూర్చున్నాడు. మానుకోట దాకా పోయి వెనక్కి తిరిగాం.  అదే గేటు పడింది. బండి నిలబడగానే వణకడం మొదలుపెట్టింది. ఆయన దిగి బానెట్ ఎత్తాడు. నడుస్తున్న ఇంజన్ మీద ఒక్కో రబ్బరు గొట్టానికి కొంచెం కొంచెం నీళ్ళు చిమ్ముతూ వంగి వింటున్నాడు. గొట్టంలో చిల్లు ఉంటే నీళ్ళు దాన్ని ఒక్క క్షణం మూస్తాయి, ఇంజన్ గొంతు మారుతుంది. వెనక ట్రాక్టరు మీద కూర్చున్నాయన "ఏందే మేస్త్రీ, గీన్నే పెట్టినవా షెడ్డు?" అని అరిచాడు. అందరూ నవ్వారు. మేస్త్రి తల ఎత్తలేదు.

మిరపకాయల మూట మీద నీళ్ళు పడ్డాయి. అంతే, ఇంజన్ వణుకు ఆపి ఒక్క క్షణం చక్కగా ఆడింది. మళ్ళీ వణికింది. ఆయన మూటను పక్కకు జరిపి చూశాడు. అది కట్టిన తీగ వేలంత లావు రబ్బరు గొట్టాన్ని ఒరుసుకుని ఒరుసుకుని కోసేసింది. చల్లగా ఉన్నప్పుడు ఆ కోత మూసుకుని ఉండేది. వేడెక్కి రబ్బరు మెత్తబడితే తెరుచుకుని, రాకూడని దారిలో గాలి లోపలికి పోయేది. బండి పరుగు మీద ఉంటే ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. నిలబడితే మాత్రం ఇంజన్‌కు ఊపిరి తప్పేది. నెల రోజులుగా చూసినవాళ్ళంతా ఆ మూటను పక్కకు తోసి చూశారు. మూటనే ఎవరూ చూడలేదు.

గేటు లేచింది. లారీలు పక్క నుంచి పోతున్నాయి. మేస్త్రి ఆ మూటను పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"చెల్లె, గిది నేను కట్టిందే. గొట్టం కోసింది గీ తీగనే" అన్నాడు.

కోసింది ఆ తీగేనని ఆయన చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. గొట్టం పాతబడిందని అంటే నమ్మేదాన్ని. ఎలుక కొరికిందన్నా నమ్మేదాన్ని.

కోసిన ముక్క తీసేసి కొత్త గొట్టం వేశాడు. మూటను మాత్రం పారేయలేదు. గుడ్డ మార్చి, ఈసారి ఇనుప పట్టీకి నూలు దారంతో కట్టాడు. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి మా ఆయన మంచం పక్కన కూర్చున్నాడు. "బావా, నిన్ను నేనే తిప్పల పెట్టిన" అన్నాడు. మా ఆయన నవ్వి, "ఎల్కలకంటె నువ్వే నయ్యం తియ్" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు పాత కాళేశ్వరం ప్రయాణాల గురించి మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత పది పదిహేను రోజులు మేస్త్రి చేసిన పని నేను చూశాను. తను మూట కట్టిన బండ్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఫోన్లు చేశాడు. "జర ఒక్కసారి తీస్కరా, కాదంటె నేనే వస్త" అని బతిమిలాడేవాడు. బండి బాగానే నడుస్తుంటే ఎవరు వస్తారు? కొందరు నవ్వారు, కొందరు ఫోన్ ఎత్తలేదు. రానివాళ్ళ ఇళ్ళకు తనే బస్సెక్కి పోయాడు. భూపాలపల్లి దాకా పోయాడు. ఈ వయసులో ఎందుకన్నా అంటే, "నేను కట్టింది నేనే ఇప్పాలె గద" అన్నాడు. అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడు. బండ్లన్నింటినీ ఎప్పుడు ఆగుతున్నావని అడిగిన మనిషి, తన ఛాతి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను కళ్ళారా చూసీ అడగలేదు. నా అలసట నాకే సరిపోయేది.

నేను అన్న మాటను ఆయన మరిచిపోలేదు. ఎప్పుడు షెడ్డుకు పోయినా ఆ రబ్బరు గొట్టం నా చేతికి ఇచ్చి, "నువ్వే ఇను చెల్లె, నా చెవులు పోయినయ్ గద" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా, తప్పయింది" అని ఒక్కసారి చెప్పి ఉండవలసింది. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. భూపాలపల్లికి పోయే ముందు రోజు కూడా మా ఇంటి ముందు ఆగి, బానెట్ ఎత్తి ఆ దారం ముడి లాగి చూసి పోయాడు. టీ తాగి పొమ్మన్నాను. వచ్చినాక తాగుతానన్నాడు.

ఫోన్ వచ్చిన ఆ రోజు డయాలసిస్ అయ్యి, మా ఆయన్ని వెనక సీటులో పడుకోబెట్టి బయలుదేరేసరికి ఐదు దాటింది. తండాకు పోదామని ఆయనే అన్నాడు. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి అది మా కళ్ళ ముందే పడింది. దూరంగా తండా వైపు చూశాను. అప్పటికే అయిపోయి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. బొగ్గు వ్యాగన్ల రైలు, ఎంతకీ అయిపోదు.

"ఇంజన్ బంద్ జేయరాదా" అన్నాడు మా ఆయన.

"ఉండనియ్" అన్నాను.

ఇంజన్ ఒకటే తీరుగా ఆడుతోంది. హెచ్చు లేదు, తగ్గు లేదు. లోపలి నుంచి వేడికి మిరపకాయల ఘాటు సన్నగా వస్తోంది. "నీ చెవులు పోలేదన్నా" అన్నాను. పైకే అన్నాను. 

రైలు పోయింది, గేటు లేచింది. నేను గేరు వేయలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. ఒక ట్రాక్టరాయన దిగి వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏందక్కా, బండి ఆగిపోయిందా?"

"లేదన్నా" అన్నాను. "నడుస్తనే ఉంది."